పసుపు చొక్కాతో పరీక్షకి

నేను పాసయ్యాను! మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేనే!

మిగిలిన ఆ ఒక్క పేపరు రాయడానికి సబ్బవరంలో బస్సెక్కిన రోజు ఇంకా కళ్ళ ముందే ఉంది. తోపులాటలో తలుపు కొక్కేనికి తగులుకుని నా కుర్తా భుజం నుంచి నడుము దాకా చిరిగింది. చున్నీ కప్పినా దాగలేదు. ఇలా హాల్లోకి ఎలా వెళ్ళను? అదే ఆఖరి అవకాశం, వెళ్ళకపోతే ఇక రాయనివ్వరు. భయంతో ఏడుపొచ్చేసింది.

పక్క సీట్లో ఒకావిడ, చుడీదార్ మీద థీమ్ పార్కు వాళ్ళ పసుపు చొక్కా వేసుకుని ఉంది. వీపు మీద నవ్వే ఏనుగు బొమ్మ.

"ఏటమ్మా, ఏడుత్తన్నావేటి?"

చెప్పాను. వెంటనే చొక్కా విప్పి ఇచ్చేసింది.

"మరి మీ డ్యూటీ, అక్కా?"

"లాకర్లో ఇంకోటుందిలే. తొడుక్కో."

బొత్తాలు పెట్టి, భుజాల దగ్గర రెండుసార్లు గట్టిగా లాగి చూసింది.

"రైడ్ కాడ పిల్లలకి బెల్టేసి ఇలాగే లాగుతాను. ఇంక పడవు. కిందకి మాత్రం సూడకు."

ఇన్విజిలేటర్ నా వెనక ఆగినప్పుడల్లా చొక్కా భుజం ఒకసారి లాగి చూసుకున్నాను. చివరిదాకా రాశాను. చొక్కా ఉతికి పార్కు గేటులో ఇచ్చొచ్చాను, ఆవిడ కనబడలేదు.

అమ్మకి చెప్పేశాను. ఇంకా ఫోన్ చేయాల్సింది పెందుర్తి పెద్దమ్మకి, ఉక్కునగరంలో డ్యూటీలో ఉన్న మావయ్యకి, హాస్టల్లో ఉన్న తమ్ముడికి, పార్కు ఆఫీసుకి. అక్కడ ఎవరెత్తినా సరే, చెప్పేస్తాను.