పాపిట ఏ వైపు

చనిపోయినవాళ్ళకు తల దువ్వే పని కోరి తెచ్చుకునేవాళ్ళు ఎవరైనా ఉంటారా అంటే, ఒక మనిషి ఉంది. పనిచేసే చోట ఆమెను అందరూ దువ్వెన అంటారు. అలా పిలిస్తే పలుకుతుంది కూడా.

అంతకుముందు ఆమె ఒక బ్యూటీ పార్లర్‌లో చేసేది. వాళ్ళమ్మ ఆస్పత్రిలో పోయినప్పుడు ఎవరో జుట్టంతా గుంజి, నడినెత్తిన రబ్బరు బ్యాండు బిగించి ఇంటికి పంపారు. బతికున్నన్నాళ్ళూ అద్దం చూసుకోకుండా గుమ్మం దాటని మనిషి ఆవిడ. ఆ రబ్బరు బ్యాండు విప్పి, చిక్కు తీసి, వదులుగా జడ అల్లుతున్నప్పుడు కూతురికి ఒకటే అనిపించింది: ఈ పని చేసే చోట ఒక్క ఆడమనిషైనా ఉంటే ఎంత బాగుండేది! అనిపించి ఊరుకోలేదు. వెళ్ళి అంత్యక్రియల సంస్థ మెట్లెక్కి పని అడిగింది.

అత్తగారు కొన్నాళ్ళు మూతి ముడుచుకుని, తర్వాత తనే ఒక దారి కనిపెట్టుకుంది. ఎవరడిగినా "మా కోడలు ఆస్పత్రిలో చేస్తుంది" అని చెప్పేది.

"ఆస్పత్రి కాదత్తయ్యా, ఆస్పత్రి తర్వాత వచ్చేది" అని కోడలు అక్కడికక్కడే సరిదిద్దేది.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా!" అని అత్తగారు తల పట్టుకునేది.

సంస్థలో ఆమెకు మొదట ఇచ్చింది ముందు బల్ల. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టడం, మంచినీళ్ళివ్వడం, పువ్వులు సర్దడం. మనుషులకు స్నానం చేయించి, బట్టలు తొడిగి, మొహం సరిచేసే పనంతా లోపలి గదిలో. ఆ గది మేస్త్రిది. నోట మాట తక్కువ, చేతిలో నేర్పు ఎక్కువ అయిన ముసలాయన. ఆయన నడుము మొరాయించడం మొదలయ్యాక దువ్వెన ఆయనకు కుడిచెయ్యి అయింది. మనిషిని ఒక పక్కకు తిప్పేటప్పుడు తల కింద అరచెయ్యి ఎలా పెట్టాలో, నీళ్ళు గోరువెచ్చగా ఎందుకుండాలో ఆయన దగ్గరే నేర్చుకుంది.

"పువ్వులు సర్దుకోక ఎందుకమ్మాయ్ నీకీ తలనొప్పి?" అనేవాడు బండి నడిపే బాబాయి.

"లోపల పడుకున్నవాళ్ళెవరూ నాకు తలనొప్పి తేలేదు బాబాయ్. వచ్చిందంతా బయట తిరిగేవాళ్ళతోనే."

మేస్త్రి పని మానుకున్నాక యజమాని ఆమెను పిలిచాడు. మంచివాడే, కానీ ఏదీ ఒక పట్టాన తేల్చడు. "వేరే ఊరినుంచి ఒకతను వస్తానంటున్నాడమ్మా. అనుభవం ఉంది. అయినా ఈ ఒక్కసారి గది నీ చేతికిస్తాను. ఇంటివాళ్ళ నుంచి మాట రాకపోతే గది నీది. వచ్చిందా, మళ్ళీ ముందు బల్లే. ఏమంటావ్?"

అనడానికేముంది? సరేనంది.

ఆ రోజు వచ్చినావిడ లెక్కల టీచరు. ఇద్దరు కూతుళ్ళు. పెద్దామె బట్టల సంచీ ఇచ్చింది, చిన్నామె ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. ఈమధ్యే ఆవిడ తనంతట తాను తీసుకున్నదట. నవ్వును పెదాల వెనకే ఆపుకున్నట్టుంది. "అమ్మను ఇలాగే ఉంచండి, చాలు" అంది. ఆ ఫోటో దువ్వెన ఫోన్‌కి పంపింది.

లోపలి గదిలో అంతా సవ్యంగానే సాగింది, జుట్టు దాకా. జుట్టు మాత్రం మాట వినలేదు. ఫోటోలో ఎలా ఉందో అలాగే పాపిట తీస్తే కుదుళ్ళు లేచి నిలబడ్డాయి. దువ్వి వదిలితే మళ్ళీ లేచాయి. మొండి జుట్టు అనుకుని దువ్వెన తన పార్లర్ విద్యంతా బయటికి తీసింది. తడిపింది, అణిచింది, కనపడకుండా పిన్నులు గుచ్చింది. చివరికి ఫోటో పక్కన పెట్టి చూస్తే అచ్చు గుద్దినట్టుంది.

వీడ్కోలు గదిలోకి కూతుళ్ళు వచ్చారు. పెద్దామె దగ్గరికి వెళ్ళి, వంగి చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది.

"అన్నీ అమ్మవే" అంది చిన్నగా. "కానీ... అమ్మలా లేదే."

చిన్నామె కూడా చూసింది. ఏం తేడానో ఇద్దరికీ అంతుపట్టలేదు.

యజమాని ముందుకొచ్చాడు. ఇలాంటప్పుడు ఆయన గొంతు పత్తిలా మెత్తబడుతుంది. "ప్రాణం పోయాక మొహం కాస్త మారుతుంది తల్లీ. అందరికీ అలాగే అనిపిస్తుంది."

ఆ మాట అబద్ధం కాదు. అక్కాచెల్లెళ్ళు తలూపారు. చిన్నామె కళ్ళు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. గండం గడిచినట్టే.

గోడవారగా నిలబడ్డ దువ్వెనకే కుదురు లేకుండా పోయింది. తన ఫోన్ తీసి ఫోటో మళ్ళీ చూసింది. ఇంతసేపూ చూసింది జుట్టునే. ఇప్పుడు జుట్టు వదిలేసి చుట్టూ చూసింది. టీచరమ్మ వెనక గోడకు గడియారం ఉంది. అందులో మూడు ఉండాల్సిన చోట తొమ్మిది ఉంది. తొమ్మిది కూడా తిరగబడి ఉంది.

కొన్ని ఫోన్లు మన ఫోటో మనం తీసుకుంటే అద్దంలో చూసినట్టు కుడిఎడమలు మార్చేస్తాయి. ఆవిడ పాపిట అటు కాదు, ఇటు. ఆ సంగతి జుట్టు ఇందాకటినుంచీ చెబుతూనే ఉంది. ఇన్నేళ్ళూ తలలు దువ్విన చేతులు ఆ మాట వినకుండా, నోరు నొక్కేసి పిన్నులు గుచ్చాయి.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. గది తనదవుతుంది. కానీ ఆ ఇద్దరు ఆడపిల్లలు వాళ్ళమ్మ కాని మనిషికి వీడ్కోలు చెప్పి ఇంటికి వెళతారు.

"తప్పు నాదమ్మా" అంది.

యజమాని గిరుక్కున తిరిగి చూశాడు.

"అమ్మగారి మొహం మారలేదు. నేనే పాపిట తారుమారు చేశాను. ఫోటో తిరగేసి పడిందని చూసుకోలేదు. కాసేపు ఓపిక పట్టండి, సరిచేస్తాను. మీలో ఒకరు లోపలికొస్తే ఇంకా మేలు."

లోపలి గదిలోకి ఇంటివాళ్ళు రావడమనే పద్ధతి అక్కడ లేదు. యజమాని నోరు తెరిచాడు, కానీ చిన్నామె అప్పటికే లేచింది.

పిన్నులన్నీ తీసి, గోరువెచ్చని నీళ్ళతో తడిపి, దువ్వెన ఈసారి ఏ బలవంతమూ చెయ్యలేదు. దువ్వి చెయ్యి తీసేసింది, అంతే. జుట్టు ఇంటిదారి తెలిసిన ఆవులా తనంతట తానే రెండో వైపుకు ఒరిగింది.

"చెవి వెనక్కి తొయ్యాలి" అంది చిన్నామె. "మేం లెక్క తప్పు చేస్తే అలా తోసుకునేది, తిట్టేముందు."

"మీరే తొయ్యండి."

చిన్నామె తోసి, తల పక్కకు వంచి చూసి, ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. "అక్కా! ఒకసారి రావే! ఇప్పుడు అచ్చం తిట్టేలా ఉంది!"

పెద్దామె పరుగున వచ్చింది. గుమ్మంలోనే ఆగి, "అమ్మా" అంది. ఇందాకటినుంచి ఆ పిలుపు ఆమె నోట రావడం అదే మొదలు.

అందరూ వెళ్ళాక యజమాని లోపలికి వచ్చాడు. దువ్వెన సామాను కడుగుతోంది. ముందు బల్లకు మనసును సిద్ధం చేసుకునే ఉంది.

"మాట వస్తే ఏమవుతుందన్నాను?"

"ముందు బల్ల అన్నారు సార్."

"మాట వచ్చింది."

"వచ్చింది సార్."

"వాళ్ళు సరిపెట్టుకున్నాక నీ నోటితో నువ్వే తెచ్చావు. నేను కప్పిపుచ్చుతుంటే నా ముందే!" ఆయన తడి బల్లకేసి చూశాడు. "పెద్దమ్మాయి వెళ్తూ నాకేమీ చెప్పలేదు. నీ చేతులు పట్టుకుంది. నా చేతులు ఇన్నేళ్ళలో ఎవరూ అలా పట్టుకోలేదమ్మా. ఆ వస్తానన్నతనికి రావద్దని చెబుతాను. ఇకనుంచి ఇంటివాళ్ళు ఇష్టపడితే ఒకరిని లోపలికి రానివ్వు. వాళ్ళు కూర్చోడానికి ఏదో ఒకటి చూడు."

దువ్వెన తడి చేతులు తుడుచుకుంటూ తలూపింది.

కుర్చీ మోసుకొచ్చింది బండి బాబాయే. విషయం అప్పుడే ఆయన చెవిన పడింది. గుమ్మంలో ఆగి తన బట్టతల నిమురుకున్నాడు.

"అమ్మాయ్, నా వంతు వచ్చినప్పుడు పాపిటతో నీకు పేచీ లేదు. మీసం మాత్రం నువ్వే దువ్వాలి. ఇంకొకరు ముట్టుకుంటే లేచి కూర్చుంటా."

"ఇంకా చాలా బండ్లు నడపాలి నువ్వు. ముందు ఆ కుర్చీ బల్లకు దగ్గరగా పెట్టు బాబాయ్. వచ్చినవాళ్ళకు చెయ్యి అందాలి."