కోట స్తంభానికి తడిగుడ్డ పరీక్ష

వియత్నాంలోని హుయే నగరంలో మా కారం ఆడించే మిషను బిగించడం పూర్తయిన మర్నాడు, దాన్ని కొన్న యజమాని మమ్మల్ని పాత చక్రవర్తుల కోట చూసి రమ్మన్నాడు. అడక్కుండానే కారూ డ్రైవరునూ ఇచ్చాడు. ట్రయల్ ఆ తర్వాతి రోజు. అది బాగుంటే ఇంకో రెండు మిషన్లు తీసుకుంటానన్నాడు. చిలకలూరిపేటలోని మా వర్క్‌షాపు నుంచి విదేశానికి వెళ్ళిన మొదటి మిషను అది, డిజైను నాది.

ఈ మర్యాద నాకు నచ్చలేదు. మేం లేనప్పుడు మిషను విప్పుతారు, కొలతలు రాసుకుంటారు, మిగతా రెండూ ఇక్కడే చేయించుకుంటారు. అందుకే బయల్దేరే ముందు, ఎవరూ చూడకుండా, మిషనులో కారం నలిపే రాళ్ళ మధ్య సందును ఉండాల్సిన దానికంటే దగ్గరగా బిగించాను. కొలుచుకున్నా తప్పు కొలతే దొరుకుతుంది, ట్రయల్‌కి ముందు నేను సరిచేసుకోవచ్చు.

మిషను బిగించడానికి నాతో వచ్చిన మేస్త్రీని అందరం బాబాయ్ అంటాం. సత్తెనపల్లి దగ్గర మిరప పండించే కుటుంబం. కందకం దాటి, మూడు ద్వారాలు దాటి సింహాసనం ఉన్న మండపంలోకి వెళ్ళాం. ఎర్రటి స్తంభాలు, వాటి మీద బంగారు రంగు డ్రాగన్లు. నేను వరసలు లెక్కపెడుతున్నానే గాని మనసంతా మిషను దగ్గరే ఉంది.

"ఏరా, ఇవి అంత పాతవంటావా? ఎరుపు చూడు, నిన్న వేసినట్టు లేదూ?"

"మళ్ళీ రంగు వేసుంటారు బాబాయ్."

"వేస్తే వేశామని బోర్డు పెట్టొద్దూ? కలర్ కలిపిన కారంలా కొడుతోంది."

కారంలో రంగు కలిపారేమోనని ఆయన తడిగుడ్డకు రాసి చూస్తాడు. నేను వారించేలోపే రుమాలు తడిపి స్తంభాన్ని రుద్దాడు. ఈల మోగింది. కాపలావాళ్ళు మమ్మల్ని ఆఫీసు గదిలో బెంచీ మీద కూర్చోబెట్టారు.

"గుడ్డ తెల్లగానే ఉందిరా. అసలు సరుకే," అన్నాడు బాబాయ్ తృప్తిగా.

"ఊరుకో బాబాయ్, పాస్‌పోర్టులు అడుగుతున్నారు."

డ్రైవరు ఫోను చేస్తే యజమానే వచ్చాడు. నాలుగుసార్లు వంగి క్షమాపణ చెప్పి మమ్మల్ని విడిపించాడు. అతని చొక్కా చేతులనిండా కారం. నా అనుమానం నిజమేననుకున్నాను.

బయటికొచ్చాక జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. "ఆత్రం పట్టలేక పొద్దున కాస్త ఆడించాను," అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. పొడి నల్లబడింది. "ఇదేనా మీ మిషను? అయితే మిగతా రెండూ వద్దు."

బాబాయ్ వాసన చూశాడు. "మాడిందిరా. రాళ్ళు రాసుకున్నాయి. సందు నువ్వే కదా పెట్టింది?"

చెప్పక తప్పలేదు. విని, బాబాయ్ నావైపు చూడకుండా అన్నాడు: "ఆయనకూ నువ్వే చెప్పు. నావల్ల కాదు."

నేనే బిగించానని చెప్పాను. ఎందుకని అడిగాడు. కాపీ కొడతారనుకున్నానని అదీ చెప్పాను. అతను పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు నేను సందు సరిచేస్తున్నంతసేపూ పక్కనే నిలబడి నా చేతులనే చూశాడు. పొడి మంచి ఎరుపులో వచ్చింది. మిగతా రెండూ తీసుకుంటానన్నాడు. ఒకటే షరతు: వాటిని బిగించడానికి బాబాయ్ ఒక్కడే రావాలి.