జీపులో పోయిన తాంబూలం

మొన్న ఆదివారం మా అక్క మనుమరాలు బోధన్ నుంచి బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది. మేనేజ్‌మెంట్ చదువు ఈ ఏడే ముగించిన పిల్ల. కాళ్ళు కడుక్కుని కూర్చుని, ఫోను నా ముందు పెట్టి, రెండు కన్సల్టింగ్ కంపెనీలు ఉద్యోగం ఇస్తామంటున్నాయనీ, ఒకటి ముంబైలో, మరొకటి బెంగళూరులో అనీ, దేనికి పోవాలో చెప్పమనీ అడిగింది. మా కుటుంబంలో ఆ చదువు చదివి ఆ కొలువు చేసినవాణ్ణి నేనొక్కణ్ణే కనుక నన్ను అడగడం సబబే. కళ్ళద్దాలు తుడుచుకుని రెండు కాగితాలూ ఆ చిన్న తెర మీదే చదివి, ఇంతకూ ఎవరికైనా ఒప్పుకుంటున్నట్టు చెప్పావా అని అడిగాను.

"ఇద్దరికీ ఓకే అని పెట్టిన తాతా," అన్నది, చాయ్‌లో బిస్కెట్ ముంచుతూ.

నేను కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాను. కోపం వచ్చిందేమోనని ఆ పిల్ల నా ముఖం చూసింది. కోపం కాదు. మా బాపు గుర్తుకు వచ్చాడు.

మాది ఎడపల్లి వైపు ఒక ఊళ్ళో గడి ఉన్న దొరల ఇల్లు. చుట్టూ చెరుకు, చలికాలం వస్తే ఫ్యాక్టరీ దిక్కు కదిలే ఎడ్లబండ్ల వరుస, మా తాత ముందు కూర్చోకుండా నిలబడి మాట్లాడే మనుషులు, ఇవన్నీ నాకు ఊహ తెలిసేనాటికే సగం పోయాయి. మిగిలిన సగం నేను హైస్కూలుకు వచ్చేసరికి పోయింది. ఎట్లా పోయిందన్నది మా ఇంట్లో మాట్లాడుకునే విషయం కాదు, ఇక్కడా మాట్లాడను. నిజామాబాదులో ఒక సందులో, పై అంతస్తులో రెండు గదులు కిరాయికి తీసుకుని దిగాం. కింద ఇంటివాళ్ళ ఆడవాళ్ళు అరుగు మీద వరుసగా కూర్చుని, ఒళ్ళో చాటలు పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టేవాళ్ళు. ఆ తంబాకు వాసన మెట్ల మీదుగా మా గదుల్లోకి వచ్చేది. బాపు ఉదయం ఇస్త్రీ చేసిన ధోవతి కట్టుకుని, చేతికర్ర పట్టుకుని ఆ మెట్లు దిగి, అరుగు వైపు చూడకుండా గడియారం స్తంభం దాకా నడిచి వచ్చేవాడు. కింద ఇంటి నుంచి ఉప్పు రాయి కూడా మేము అడిగి తెచ్చుకున్నది లేదు. ఇంటి యజమానురాలు పెద్దవయసు మనిషి. నోరు చురుకు, మనసు మంచిది. మేము ఆమెను అవ్వా అనేవాళ్ళం, ఆమె మా బాపును దొరా అనేది. ఆ దొరా అన్న మాటలో గౌరవం ఎంతో, వెక్కిరింత ఎంతో నాకెప్పుడూ తేలలేదు.

స్కాలర్‌షిప్పు మీద నేను దూరాన బిజినెస్ స్కూల్లో చదివాను. ఆ రోజుల్లో కన్సల్టింగ్ అంటే ఏమిటో మా ఊరివాళ్ళకే కాదు, బాపుకు కూడా చెప్పలేకపోయేవాణ్ణి. ఒకరి వ్యాపారం సంగతి ఇంకొకరు వచ్చి చెప్పడమేమిటి, వాళ్ళకు తెలియదా అనేవాడు. చదువు ముగిసి ఇంటికి వచ్చేటప్పటికి నా పెట్టెలో రెండు ఉత్తరాలున్నాయి. బొంబాయి కంపెనీ పెద్దది, పేరున్నది, జీతం ఎక్కువ, మా తరగతిలో దానికి ఆశపడనివాడు లేడు. మద్రాసు కంపెనీ చిన్నది, నలుగురైదుగురు కలిసి పెట్టుకున్నది, బ్యాంకులకూ వ్యవసాయానికీ సంబంధించిన పని చేసేది. నా మనసు బొంబాయి మీద ఉండేదని వేరే చెప్పనక్కరలేదు. కానీ అది జీతం కోసం కాదు. బొంబాయిలో నేను ఎవరి కొడుకునో ఎవరికీ తెలియదు. నన్ను చూసి లేచి నిలబడేవాళ్ళూ ఉండరు, లేచి నిలబడాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించేవాళ్ళూ ఉండరు. ఆ ఒక్క క్షణం అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. దాన్నుంచి పారిపోవాలని ఉండేది.

ఇంతలో ఒకనాడు నేను బోధన్‌లో అక్క దగ్గరికి పోయి సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేసరికి, అరుగు మీద బీడీలు చుట్టే చేతులన్నీ ఆగిపోయి, అందరూ నా వైపే చూస్తున్నారు. అవ్వ నవ్వుతున్నది.

"రా చిన్నదొరా, రా. నీ లగ్గం ఖాయమైంది. పిల్లనన్న సూడకపోతివి, మా సంచిల ఆకులు పెట్టి మీ బాపు ఖాయం చేసిండు."

అరుగంతా ఒక్కసారి నవ్వింది. నాకు ఏమీ అర్థం కాలేదు. పైకి పోతే అమ్మ చెప్పింది.

మద్రాసు కంపెనీ పెద్దమనిషి ఒకాయన, చెరుకు రైతుల గురించి ఒక బ్యాంకు అప్పగించిన పని మీద బోధన్ వచ్చాడట. అక్కడ ఎవరో మా ఇంటిపేరు చెప్పేసరికి, ఇంటర్వ్యూలో నన్ను చూసిన గుర్తుండి, రైలుకు నిజామాబాదు వస్తూ దారిలో పలకరించి పోదామని బోధన్‌లో మాట్లాడుకున్న జీపులో మా సందులోకి వచ్చాడు. మా ఇంటికి అట్లా బయటి మనిషి, అదీ జీపులో వచ్చి ఎన్నేళ్ళయిందో. బాపు కుర్చీలోంచి లేచి మెట్ల దాకా ఎదురు వెళ్ళాడట. వచ్చినాయనకు తెలుగు రాదు, హిందీ అంతంతమాత్రం. బాపుది పాతకాలపు దర్బారు ఉర్దూ. చాయ్ అయింది, మర్యాదలు అయ్యాయి. మీ అబ్బాయి తెలివైనవాడు, మా దగ్గరికి వస్తే మాకు సంతోషం అని ఆయన అన్నాడట.

మా వైపు పెద్దిళ్ళలో ఒక పద్ధతి ఉండేది. సంబంధం కుదిరినా, భూమి కౌలుకు ఇచ్చినా, రెండు తమలపాకుల మీద వక్క, పసుపుకొమ్ము పెట్టి ఎదుటివాడి చేతిలో పెడితే మాట ముగిసినట్టే. కాగితం ఆ తర్వాత ఎప్పుడో. ఇచ్చిన చేయి వెనక్కి తీసుకోదు. బాపుకు మా తాత నుంచి వచ్చిన వాటిలో అప్పటికి మిగిలింది ఆ చేయి ఒక్కటే. ఇంట్లో తమలపాకులు లేవు. ఎన్నడూ కింద ఇంటి నుంచి ఏదీ తీసుకోని మనిషి, అమ్మను కిందికి పంపి అవ్వ బొడ్లో సంచిలోని ఆకులు తెప్పించాడు. మద్రాసు పెద్దమనిషి చేతిలో తాంబూలం పెట్టి, లడ్కా ఆప్‌కా హో గయా, ఇక అబ్బాయి మీవాడే అన్నాడు. ఆయన రెండు చేతులతో అందుకుని, నమస్కారం పెట్టి, జీపెక్కి పోయాడు.

బొంబాయి వాళ్ళకు జవాబు ఇవ్వాల్సిన గడువు ఆ వారమే. అమ్మ దగ్గర కూర్చుని, అది వట్టి మర్యాద మాట అనీ, ఉద్యోగాలకు తాంబూలాలు ఉండవనీ, ఆ సారుకు అదేమిటో తెలిసి కూడా ఉండదనీ ఎంతో చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. గోడ అవతల బాపు వింటున్నాడని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మా ఇంట్లో కొడుకు తండ్రికి ఎదురుగా కూర్చుని వాదించేది లేదు, ఇట్లా గోడకు చెప్పుకోవడమే.

మరునాడు బాపు నన్ను పిలిచాడు. కుర్చీలో ఎప్పటిలాగే వీపు ఆనించకుండా కూర్చున్నాడు.

"బొంబాయి పోవాలని ఉన్నదా?"

ఉన్నది బాపూ అన్నాను.

"పో. నీ బతుకు, నీ ఇష్టం. గని నువ్వు పోతే, నేను మద్రాసు పోయి ఆయన ఇంటి గడప ముంగట నిలబడి, నేను పెట్టిన తాంబూలం వాపస్ అడగాలె. ఉత్తరం రాస్తే అయ్యేది కాదది. ఇచ్చినోడే పోవాలె."

నేను కోపంగా కిందికి దిగి, రైల్వే స్టేషను దాకా నడిచి, అక్కడ బల్ల మీద కూర్చున్నాను. నాకు నా బొంబాయి కనబడలేదు. భాష రాని ఊళ్ళో, ఇస్త్రీ ధోవతి రైలులో నలిగిపోయి, ఎవరిదో ఇంటి ముందు చేతికర్రతో నిలబడిన మనిషి కనబడ్డాడు. అట్లా ఎవరి గడప ముందూ నిలబడనందుకే కదా ఆయన అంతా పోగొట్టుకున్నాడు. తార్ ఆఫీసుకు పోయి, మద్రాసుకు వస్తున్నానని ఉత్తరం వేసి, బొంబాయికి రాలేనని తంతి కొట్టించాను. గుమాస్తా చదివి, ఉద్యోగం వస్తే పోనంటున్నవా తమ్మీ, తప్పు రాయలేదు కదా అని మళ్ళీ అడిగాడు. లేదన్నాను.

మద్రాసులో చేరిన మొదటి వారంలోనే ఆ పెద్దమనిషి నన్ను తన గదిలోకి పిలిచి ఆప్యాయంగా మాట్లాడాడు. నువ్వు బొంబాయి పోతావనే అందరం అనుకున్నాం, నీ చోటికి ఇంకొకరిని కూడా చూసుకున్నాం, నీ ఉత్తరం వచ్చాక నీకోసం ఇంకో కుర్చీ వేశాం అన్నాడు. మా ఇంటి చాయ్‌ని మెచ్చుకున్నాడు. మీ నాన్నగారు పాన్ కూడా ఇచ్చారు, నాకు అలవాటు లేదు, పారేయడం ఎందుకని జీపు డ్రైవరుకు ఇచ్చాను అని నవ్వాడు. మంచివాడు. ఆయన తప్పు ఏమీ లేదు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నవ్వడానికి ఎంత బలం కావలసి వచ్చిందో నాకే తెలుసు.

చెరుకు మనిషినని, నా మొదటి పని ఎడపల్లి ఊళ్ళలోనే వేశారు. ఏ ఊళ్ళనుంచి పారిపోదామనుకున్నానో అవే ఊళ్ళలో ప్రశ్నల కాగితాలు పట్టుకుని తిరిగాను. కొందరు లేచి నిలబడ్డారు, కొందరు ఆ ఒక్క క్షణం ఆలోచించారు. ఒక ముసలి రైతు నేనడిగినవన్నీ ఓపికగా చెప్పి, చివరికి నన్ను అడిగాడు.

"చిన్నదొరా, ఇన్ని అడిగితివి. వచ్చే ఏడు చెరుకు పెట్టుమంటవా, వద్దంటవా? మీ తాతయితే ఒక్క మాటల చెప్పేటోడు."

మా పని అడగడమేననీ, చెప్పడం మద్రాసులో ఆలోచించాక బ్యాంకుకనీ ఆయనకు ఎట్లా చెప్పను. చూద్దాం అన్నాను. ఆయన ముఖంలో ఆ గౌరవం ఎట్లా ఆరిపోయిందో ఇప్పటికీ కళ్ళ ముందు ఉన్నది. ఆ తర్వాత నేను ఎన్నో కంపెనీలకు ఎన్నో సలహాలు ఇచ్చాను, పేరు తెచ్చుకున్నాను, బొంబాయి వాళ్ళు మళ్ళీ పిలవనూ లేదు, నేను అడగనూ లేదు. ఆ ఊళ్ళలో చెరుకు పోయి వరి వచ్చింది, నందిపేట దిక్కు పసుపు నిలబడింది. ఆ రైతు ఏం వేశాడో నాకు తెలియదు.

ఆ పని మీద ఇంటికి వచ్చినప్పుడే ఒక సాయంత్రం, అన్నం తిని చేయి కడుక్కుంటూ, ఏమీ పట్టనట్టు బాపు అడిగాడు.

"ఆ సారు నా తాంబూలం మాట ఎత్తిండా?"

"ఎత్తిండు బాపూ," అన్నాను.

మా ఇంట్లో అబద్ధం ఆడరు. నేనూ ఆడలేదు. బాపు తువ్వాలుతో చేతులు తుడుచుకుని, మరుక్షణం మెట్లు దిగి, జీవితంలో మొదటిసారి అరుగు దగ్గర ఆగి, నీ ఆకులు మంచియి అవ్వా అన్నాడు. అవ్వ ఏదో ఎదురు అనబోయి, ఆయన ముఖం చూసి ఊరుకున్నది. పోయేదాకా ఆయనకు ఆ మాట చాలింది. నాకు చాలలేదు. ఒక మాట కోసం బతుకును ఒక పక్కకు తిప్పుకుంటే, ఆ మాట రెండో చివర పట్టుకున్నవాడెవడూ లేడని తెలిసిన తర్వాత మిగిలేది ఏమిటో, ఇన్నేళ్ళూ నాకు తేలలేదు.

ఇదంతా మా అక్క మనుమరాలికి చెప్పాను. ఇద్దరికీ ఒప్పుకున్నదని ఆమెను మందలించడానికి కాదు. ఇప్పుడు అందరూ అంతేనట. కంపెనీలు కూడా రమ్మన్నవాళ్ళను నెలల తరబడి ఆపి, ఒక్కోసారి వద్దే వద్దంటాయట. ఎవరూ ఎవరి గడపకూ పోనక్కరలేదు, ఒక వేలు కదిపితే అవుననడం, ఇంకోసారి కదిపితే కాదనడం. ఎవరి తలా వంగదు. అది మంచిదే కావచ్చు. మా బాపు ఈ కాలంలో ఉంటే నేను బొంబాయి పోయి ఉండేవాణ్ణి.

ఆ పిల్ల ఫోను పక్కకు జరిపింది. తర్వాత అడిగింది.

"తాతా, ఆ డ్రైవర్ది బోధనే కదా? ఆయనకు తెలుస్తది కదా, పసుపుకొమ్ము పెట్టి ఇచ్చిన్రంటే అది ఉత్త పాన్ కాదని?"

ఇన్నేళ్ళలో ఆ సారు గురించి ఆలోచించాను, బాపు గురించి, నా గురించి ఆలోచించాను. జీపు నడిపినవాడి గురించి ఒక్కసారి ఆలోచించలేదు. మా ఇంట్లో పుట్టినవాళ్ళకు ఆ అలవాటు లేదు. అతను ఈ గడ్డ మనిషి. స్టేషను ముందు జీపు ఆపి, చేతిలో పడినదాన్ని చూసుకుని, ఇది ఎవరో ఎవరికో ఇచ్చిన మాట అని తెలుసుకునే ఉంటాడు. ఆకులు నమిలినా, పసుపుకొమ్మును మా వైపువాడెవడూ రోడ్డు మీద పారేయడు. జేబులో వేసుకుని ఇంటికి పట్టుకుపోయి ఉంటాడు.

బోధన్ చివరి బస్సుకు పిల్లను ఎక్కించి వచ్చాను. దేనికి పోవాలో నేను చెప్పలేదు, ఆమె మళ్ళీ అడగలేదు. కిటికీలోంచి మాత్రం, కాదనేవాళ్ళకు ఫోన్ చేసి నేనే చెప్త తాతా, మెసేజ్ పెట్టను అన్నది.