సున్నం మూల

హోసూరులో రాతి ఆస్పత్రిని కూలుస్తున్నారన్న కబురు నాకు మా అమ్మాయి ఫోనులో వచ్చింది. అది ఫ్యాక్టరీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూనే, "చూడమ్మా, ఊరంతా ఏడస్తా ఉండారు" అని ఫోను నా చేతికిచ్చింది. చూస్తే నిజమే, ఊరి గ్రూపు నిండా అవే మాటలు. నేను ఈడే పుట్టినాను అని ఒకరు, మా అవ్వ ఈడ ఆయాగా చేసింది అని ఇంకొకరు. ఆ వరండాలో కూర్చుని తిన్న ఇడ్లీ రుచి ఇంకా నోట్లోనే ఉందట ఒకాయనకు. మూతపడి, పెంకులు జారిపోయి, లోపల కుక్కలు ఈనుతున్నప్పుడు వీళ్లంతా ఎక్కడ ఉన్నారో మరి. నాకు ఒళ్లు మండింది.

"నీకూ ఏమన్నా జ్ఞాపకం ఉండాదా ఆడ? చెప్పు, టైపు చేస్తా" అంది అమ్మాయి.

"నువ్వు ఆడ పుట్టలేదు కదా, నాకేముంటాది?" అన్నాను. పొయ్యి మీద పాలు పొంగుతాయని లేచి వచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

దానికి ఒక అన్న ఉండేవాడని దానికి తెలియదు. ఎవరమూ చెప్పలేదు.

నల్లరాతి గోడలు, మంగళూరు పెంకులు, ఈ చివర నుంచి ఆ చివరికి వరండా. బస్సు కండక్టర్లు మాకు "రాతి ఆస్పత్రి" అనీ, తమిళం వాళ్లకు "కల్లాస్పత్రి" అనీ అరిచేవాళ్లు. కాన్పుల వార్డు వెనుక వైపు ఉండేది. అక్కడి కిటికీలోంచి చూస్తే కట్టడం మూల ఒకటి కనిపించేది. లోపల ఆడవాళ్లు నొప్పులు పడుతుంటే మగవాళ్లు ఆ మూలన నిలబడి వక్కాకు వేసుకునేవాళ్లు, వేలికి మిగిలిన సున్నాన్ని రాతికి పూసేవాళ్లు. ఎంతమంది మగవాళ్ల కంగారో, ఆ రాయి నిలువెత్తునా తెల్లగా పేరుకుపోయింది. సున్నం మూల అనేవాళ్లు దాన్ని.

నా తొలిచూలు బిడ్డ ఆ వార్డులో తెల్లవారుజామున పుట్టి, పొద్దు గూకకముందే పోయాడు. ఏడ్చాడు, పాలు తాగాడు, నా వేలు పట్టుకున్నాడు. తర్వాత చల్లబడ్డాడు. డాక్టరమ్మ చేయగలిగిందంతా చేసింది, ఆమెను నేనేమీ అనను.

మా వాళ్లలో పళ్లు రాని బిడ్డను కాల్చరు, పూడుస్తారు. తల్లి అక్కడికి పోకూడదు. ఎక్కడ అని అడగనూ కూడదు, అడిగితే మళ్లీ కడుపు నిలవదంటారు. మా మామ బిడ్డను నా పాత చీర ముక్కలో చుట్టి ఎత్తుకున్నాడు. వాచ్‌మన్ గడ్డపార పట్టుకుని వచ్చాడు. వాళ్ల వెనకే మా ఆయన నడిచాడు. ముగ్గురూ సున్నం మూల తిరిగారు, ఆపైన నాకు కనపడలేదు. మా అత్త కిటికీ రెక్క మూసేసింది.

నాకు మిగిలింది ఆ మూల ఒక్కటే. అత్తిముగం దగ్గర మాకు రోజాతోట ఉంది. ఏ పని మీద హోసూరు వెళ్లినా ఆ స్టాపులోనే దిగి, నీళ్లు తాగే వంకతో లోపలికి వెళ్లి ఆ రాతి మీద అరచెయ్యి పెట్టి వచ్చేదాన్ని. ఆస్పత్రి మూతపడ్డాక ప్రహరీ గోడ సందులోంచి దూరి వెళ్లేదాన్ని. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారని భయం. భయం కన్నా మా ఆయన మీద కోపం ఎక్కువ. చోటు ఈయనకు తెలుసు, నోరు విప్పి చెప్పడు. అమ్మాయి పుట్టాక కూడా చెప్పలేదు. ఏ చిన్న మాటకు ఆయన మీద విరుచుకుపడినా, అడుగున ఉన్నది ఆ కోపమే.

మర్నాడు పూల వ్యానులో ఆయనతో పాటు నేనూ ఎక్కాను.

మేము వెళ్లేసరికి పైకప్పు లేదు, ముందు భాగం లేదు. జేసీబీ వరండాను నములుతోంది. టేకు తలుపులను బెంగళూరు హోటలుకని లారీకి ఎక్కిస్తున్నారు. జనం రోడ్డు మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. ఒకాయన పెంకు ముక్కను సంచిలో వేసుకుని కళ్లు తుడుచుకున్నాడు. గేటు దగ్గర బోర్డు మీద రాబోయే అద్దాల కాంప్లెక్సు బొమ్మ. "కింద భూమిలో రెండంతస్తులు కార్లకంట" అని పక్కావిడ మురిసిపోతూ చెప్పింది. అంటే వెనుక నేలంతా తవ్వేస్తారు.

మా ఆయన చెయ్యి పట్టి పక్కకు లాగాను. "యాడ పూడ్చినారు? ఇప్పుడన్నా చెప్పు. వాళ్లు తవ్వకముందే మనం తీసుకొని పోదాం."

ఆయన మూల వైపు చూశాడు. "నాకు తెలీదే."

"అబద్ధం చెప్పొద్దు. నువ్వు పోయినావు. నా కండ్లతో చూసినాను."

"ఆ మూల తిరిగేదాకానే పోయినాను. తొలిచూలు బిడ్డకు తండ్రి మన్ను వెయ్యకూడదని నాయన నన్ను ఆడనే నిలబెట్టేసినాడు. గోడకు మొగం పెట్టుకో, తిరిగి చూడొద్దు అన్నాడు. గడ్డపార సద్దు ఇన్నాను. అంతే."

"తర్వాతన్నా మామను అడగకూడదా?"

"అడిగితే నీ కడుపు నిలవదనిరి. అమ్మాయి పుట్టినాక అడుగుదామనుకొంటిని. అప్పటికి నాయన లేడు. మార్కెట్టుకు వచ్చినప్పుడంతా ఆ మూల కాడ నిలబడి పోతా ఉంటిని. నీకు తెలుసు కదా యాడుండాడో, నువ్వు కిటికీలోంచి చూసింటావు కదా అనుకొంటిని."

ఇన్నేళ్ల కోపాన్ని ఎక్కడ దించుకోవాలో నాకు తెలియలేదు. రోడ్డు మీద, అంతమంది ముందు ఏడ్చాను. ఆస్పత్రి కోసం ఏడుస్తున్నానని ఎవరో నన్నూ ఫోటో తీశారు.

ఆయన వెళ్లి సూపర్‌వైజరుతో మాట్లాడాడు. ఆ మనిషి చెడ్డవాడు కాదు. హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని అంతా విన్నాడు. "చోటు చూపించప్పా, మిషను ఆపుతాను. మీరు తీసుకొని పోయేదాకా ఆపుతాను" అన్నాడు. మేమిద్దరం వెనుక నేలను చూస్తూ నిలబడ్డాము. ముళ్లపొదలు, పగిలిన సిమెంటు తొట్టి, కుక్కలు తవ్విన గుంటలు. ఎక్కడని చూపిస్తాం? సూపర్‌వైజరు హెల్మెట్ పెట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి జేసీబీ సున్నం మూలకు వచ్చింది. ముందు రాయి కదలలేదు. తర్వాత ఒక్కసారిగా కూలింది. జనంలో ఎవరో ఈల వేశారు.

ఆ తర్వాత మన్ను లారీలు మొదలయ్యాయి. మేము రోజూ వెళ్లి చూసేవాళ్లం. అంత చిన్నవాడు, ఇన్నేళ్లకు ఏమీ మిగలదని ఇద్దరికీ తెలుసు. అయినా వెళ్లేవాళ్లం. ఒకరోజు డ్రైవరును అడిగాను, "ఈ మన్ను యాడికి పోతాదప్పా?"

"యాడ పల్లం ఉంటే ఆడికమ్మా. నిన్న బాగలూరు రోడ్డు లేఅవుట్లో పోసినాను."

మా ఆయన ముందుకొచ్చి, "అత్తిముగానికి వస్తావా?" అన్నాడు.

మూల వెనుక మన్ను ఒక్క లోడు మా తోట అంచున పడింది. పక్క తోటాయన చూసి, "ఏమన్నా, రోజాలకు ఆస్పత్రి మందా?" అని నవ్వాడు. అమ్మాయికి మాత్రం చెప్పక తప్పలేదు. అది ఏడ్చి, ఊరి గ్రూపులోని ఫోటోలన్నీ వెతికింది. సున్నం మూల ఉన్న ఫోటో ఒక్కటీ దొరకలేదు. అందరూ ముందు వైపే తీసుకున్నారు.

ఆ కుప్పను మేము చదును చేయలేదు, దాని మీద ఏమీ నాటలేదు. బిడ్డ ఇందులో ఉన్నాడో, బాగలూరు రోడ్డులో ఎవరింటి పునాది కింద ఉన్నాడో తెలియదు. వాన కురిసినప్పుడల్లా అందులోంచి ఏవేవో పైకి తేలుతాయి. ఇంజెక్షన్ సీసా గాజు, పెంకు ముక్కలు, సున్నం అంటిన రాతి పొరలు. ఇంకేదైనా తేలితే అది ఆయన కంట పడకూడదని, వాన వెలిసిన పొద్దున ఆయనకంటే ముందు పోవాలని చూస్తాను. ఎప్పుడు పోయినా ఆయన అప్పటికే అక్కడ గొంతుకూర్చుని, నేను చూడకముందే మన్నును చేత్తో కప్పుతూ ఉంటాడు.