చాచా వినిపించిన గ్రాఫు

మా పక్కింటి చాచా శుక్రవారం పొద్దున కన్నుమూశారు. చాచీ గోడ అవతలి నుంచి నన్ను పిలిచిన తీరులోనే నాకు విషయం అర్థమైంది.

ఆయన పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైన మనిషి. నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా నా చూపు తగ్గడం మొదలైంది. పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని అక్షరాలు కూడబలుక్కునేదాన్ని గానీ, గ్రాఫులు మాత్రం ఇక నాకు అందలేదు. లెక్కలు వదిలేసి వేరే సబ్జెక్టు తీసుకొమ్మని కాలేజీలో చాలా మర్యాదగా చెప్పారు. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండింది. లెక్కలు తప్ప నాకింకేదీ ఇష్టం లేదు మరి. గోడ దగ్గర నిలబడి ఏడుస్తుంటే చాచా విన్నారు.

“గ్రాఫ్ కండ్లతోటే చూడాల్నని ఎవడు చెప్పిండు బేటా? పైకి పోతాందా, కిందికొస్తాందా, గంతే గద! చెవులకు చెప్పిద్దాం. నువ్వు ఫికర్ చెయ్యకు.”

నా దగ్గర గ్రాఫులు గీసే క్యాలిక్యులేటర్ ఉండేది. దాని అడుగున కంప్యూటర్‌కు కలిపే సాకెట్ ఉంది. అక్కడ తగిలిస్తే, తెరమీది గీత ఎక్కేకొద్దీ స్వరం పెరిగేలా, దిగేకొద్దీ తగ్గేలా ఇయర్‌ఫోన్‌లో వినిపించే చిన్న పరికరం చేస్తానన్నారు. సర్క్యూట్ కంటే ముందు ఆ పరికరం కొలతకే ఒక చెక్క ముక్క కోసి, చొక్కా జేబులో వేసుకు తిరిగారు. నమాజులో నుదురు నేలకానించినప్పుడు అది టక్కున జారిపడిందట. ఇంటికొచ్చి ఆకురాయితో పలచగా అరగదీశారు. మళ్లీ పడింది, మళ్లీ అరగదీశారు.

“మసీదుల అందరు నన్నే చూస్తాండ్రు. చూడనీ! జేబుల నిలవకుంటె అది సామాన్ గాదు, బరువు,” అనేవారు.

చెక్క జేబులో నిలిచాకే బోర్డు మొదలుపెట్టారు. అంత పలుచటి దాంట్లో పట్టేది గడియారాల్లో వేసే బిళ్ల బ్యాటరీ ఒక్కటే. అదీ సర్దారు. తీరా అంతా అయ్యాక, గీత బాగా పైకెక్కిన చోట శబ్దం ఆగిపోతోందని ఆయనకు దిగులు పట్టుకుంది. టంకం విప్పి మళ్లీ వేశారు, చిప్పు మార్చారు. చివరికి నా చేతికిచ్చారు.

“జర విను. యాడ ఆగుతాందో చెప్పు.”

“ఆగుతలేదు చాచా. మంచిగనే ఇనవడ్తాంది.”

ఆయన ఇయర్‌ఫోన్ తన చెవిలో పెట్టుకున్నారు, తీశారు, మళ్లీ పెట్టుకున్నారు. సన్నటి స్వరాలు అందని వయసు తనకొచ్చిందని అప్పుడు తెలిసింది. పడీపడీ నవ్వారు.

“అయితె రిపేర్ నాకే గావాలె!”

నేనూ నవ్వాను. ఆయనకూ వినబడేలా స్వరం కిందికి దించమన్నాను.

“ఎందుకు? గ్రాఫ్ నాది గాదు, నీది.”

ఇప్పుడు నేను హనుమకొండలో పిల్లలకు లెక్కలే చెబుతున్నాను. ఆ ఒక్క వాక్యం రాయగలిగానంటే అది చాచా పుణ్యమే.

ఖననం అయిన మర్నాడు చాచీ పక్కన కూర్చున్నాను.

“మీ చాచా అన్ని దినాలు ఆ సామాన్‌తోనే ఉండె. అండ్ల ఏం ఇనవడ్తదో నేను ఎన్నడు ఇనలే బిడ్డా,” అంది.

బ్యాగులోంచి క్యాలిక్యులేటర్, పరికరం తీసి కలిపి, గుట్టలా లేచి దిగే ఒక గీత పెట్టి, ఇయర్‌ఫోన్ ఆమె చెవికి అందించాను. ఆమె నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. స్వరంతో పాటే నా అరచేతిలో ఆమె వేలు మెల్లగా పైకి పాకింది, కాసేపు ఆగింది, అంతే మెల్లగా కిందికి దిగింది.

“ఇంకోపారి పెట్టు,” అంది. వేలు మళ్లీ కదిలింది.