సుత్తి పడేలోపు

మా పిన్ని ఇంట్లో ఉంటే రేడియో పెట్టక్కర్లేదు. బాబాయి ఆమెకిచ్చిన బిరుదు వాగుడుకాయ. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం చూడండి: దుబాసీ! దేశాల సమావేశాల్లో అద్దాల గదిలో కూర్చుని ఒకరి మాటలు ఇంకొకరి భాషలో చెబుతూ రోజంతా మాట్లాడాలి, అందులో సొంతమాట ఒక్కటీ ఉండకూడదు. "నోరొక్కటే నాది, మాటలన్నీ ఊళ్లోవాళ్లవి" అని తనే నవ్వుతుంది.

ఆ రోజు పాసు ఇప్పించి నన్నూ తీసుకెళ్లింది. ఎండ తగ్గించడానికి ఆకాశంలో బాగా పైన సన్నటి పొడి చల్లే ప్రయోగం గురించి అంతర్జాతీయ ఒప్పందం. పొడి ఒకచోట చల్లితే వాన ఇంకోచోట తప్పిపోవచ్చట. అక్కడి పద్ధతేమిటంటే, అధ్యక్షుడు "అభ్యంతరం ఉందా?" అని అడుగుతాడు. ఎవరూ పలక్కపోతే చెక్కసుత్తి కొడతాడు. సుత్తి పడిందా, అందరూ ఒప్పుకున్నట్టే. ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది.

వానలే ఆధారంగా బతికే ఓ చిన్న దేశం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయనకు సభ వినిపించేది పిన్ని గొంతులోనే. నేనూ ఇయర్‌ఫోన్‌లో ఆ గొంతే పెట్టుకున్నాను. భోజనాలవేళ దాటిపోతోంది. అధ్యక్షుడు తీర్మానం గడగడా చదివేసి, అభ్యంతరం ఉందా అని అడిగేసి సుత్తి ఎత్తాడు. ఆకలేస్తే ఆకాశాన్నైనా రాసిచ్చేస్తారు కాబోలు! నా చెవిలో పిన్ని ఇంకా సగం వాక్యంలోనే ఉంది. అడిగిన ప్రశ్న పెద్దాయనకు చేరనేలేదు.

దబదబా చప్పుడు! రెండు చేతులతో అద్దం బాదుతోంది మా పిన్ని. హాలంతా తలెత్తి చూసింది. సుత్తి గాల్లోనే ఆగింది. పిన్ని కూర్చుని, మైకు దగ్గరికి వంగి, మిగిలిన వాక్యం నిదానంగా పూర్తిచేసింది.

పెద్దాయన చెయ్యి లేచింది.

దుబాసీలు 'ఆయన' అనరు, 'నేను' అనే అంటారు. "మా వానల సంగతి తేలేదాకా నేను ఒప్పుకోను" అని పిన్ని గొంతు హాలంతా వినిపిస్తుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది. అంతంత పెద్ద దేశాలు, పొడి చల్లడానికి సిద్ధంగా ఉన్న విమానాలు, అన్నీ ఒక్క ముసలి చెయ్యి ముందు ఆగిపోయాయి. ఎంత గొప్ప సంగతండీ ఇది!

విరామంలో నేను పైనున్న అద్దాల గదికి పరిగెత్తేసరికి ఆమె పైఅధికారి అక్కడే ఉన్నాడు. "అద్దం బాదడమేంటమ్మా? ఇదేమన్నా సంతా?"

"మాట చెవిన పడకముందే సుత్తి పడితే, దాన్ని ఒప్పుకోవడం అంటారా సార్? తీసేస్తే తీసెయ్యండి." పిన్ని మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్లమీద పెట్టింది.

ఆయన కార్డు ముట్టుకోలేదు. కిందికి దిగి అధ్యక్షుడితో ఏదో మాట్లాడాడు.

సభ మళ్లీ మొదలైంది. తర్వాతి తీర్మానం చదివి, అధ్యక్షుడు అభ్యంతరాలు అడిగాడు. సుత్తి ఎత్తాడు గానీ కొట్టలేదు. తలెత్తి అద్దాల గది వంక చూశాడు. పిన్ని ఆఖరి మాట పూర్తిచేసి తలూపింది. అప్పుడు కొట్టాడు.