తీర్పు ముందే పొక్కిన దారి

జడ్జి ధనశేఖర్‌కు మనుషుల మీద నమ్మకం లేదు. అది పుట్టుకతో వచ్చిన జబ్బేమీ కాదు. హిందూపురంలో బస్సు కండక్టర్ కొడుకు. కష్టపడి చదివి, పరీక్ష రాసి, ఇరవై ఎనిమిదేళ్లకే గూడూరు మున్సిఫ్ కోర్టులో కుర్చీ ఎక్కాడు. మూడో నెలలో పక్కింటాయన ఇచ్చిన నిమ్మకాయల బుట్టను కాదనలేక తీసుకున్నాడు. ఆ పెద్దమనిషి బావమరిది దావా ఈయన ముందే నడుస్తోందట! వారం తిరక్కుండా రెండో పక్షం వాళ్లు పైకోర్టులో పిటిషన్ పడేశారు. ఆ దెబ్బతో ఇరవై రెండేళ్లుగా ఏ ఊరికి బదిలీ అయినా పెళ్లికి పోడు, పేరంటానికి పోడు. ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వారా అని ఆలోచిస్తాడు. అదీ ఒక బతుకేనా అంటే, ఆయనకు అదే బతుకు.

తిరుపతిలో సెషన్స్ జడ్జిగా చేరాక కొత్త చిక్కు వచ్చిపడింది. ఈయన బెంచి మీద చదవకముందే తీర్పు బయట తెలిసిపోతోంది. మొన్న ఒక ముద్దాయి శిక్ష తప్పదని పసిగట్టి, తీర్పు రోజు పొద్దున్నే రేణిగుంటలో రైలెక్కి ఉడాయించాడు. తీర్పు ముందుగా తెలిసేది ఇద్దరికే: చెప్పే ఈయనకు, టైపు చేసే స్టెనో మునిలక్ష్మికి. ఇంకేముంది, అనుమానం ఆమె మీదికి పోయింది. నిజమని తేలితే ఆమె ఉద్యోగం ఊడుతుంది. ఆ జీతం మీదే ఆమె ఇద్దరు పిల్లలను చదివించుకుంటోంది.

ధనశేఖర్ ఒక ఎత్తు వేశాడు. కత్తిపోటు కేసులో ముద్దాయిని వదిలేయాలని మనసులో తేల్చుకుని, శుక్రవారం ఆమె చేత మాత్రం పదేళ్ల శిక్ష అని రాయించాడు. సోమవారం బయట శిక్ష అన్న మాట వినబడితే ఆమె దొరికిపోయినట్టే.

సోమవారం వరండాలో ముద్దాయి తమ్ముడు పూలదండ పట్టుకుని నిలబడి ఉన్నాడు. విడుదలేనని అందరూ అనుకుంటున్నారని కోర్టు బంట్రోతు, దఫేదారు, చెప్పాడు. ధనశేఖర్ గబగబా తన గదిలోకి పోయాడు. మనసులో మాట కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదే!

అంతలో మునిలక్ష్మి వచ్చి టైపు కాగితాలు బల్ల మీద పెట్టింది.

"ఇది మీ తీర్పు గాదు సార్. సాక్షులు ఇద్దరూ రెండు తీర్లుగా సెప్పినాక మీరు శిక్ష ఎయ్యరు. రెండేండ్లుగా రాస్తా ఉండా, నాకు తెలీదా? నాకు పరీక్ష పెట్టినారు."

"మరి బయట ఎట్లా తెలిసింది?" అడిగాడు ధనశేఖర్.

"శిక్ష రాయించే దినం మీరు అన్నం ముట్టరు. క్యారియర్ అట్లే ఇంటికి పోతాది. వకీళ్లు అది సూసి సెప్పుకుంటారు. శుక్రవారం మీరు పెరుగన్నం దాకా ఖాళీ చేసినారు సార్."

ఆయనకు సిగ్గేసింది. ఇరవై రెండేళ్లు అందరి మీదా కన్నేసి ఉంచిన మనిషి తన మీద తాను కన్నేసుకోలేకపోయాడు. టైపు కాగితాల కింద ఇంకో కాగితం కనబడింది. చిత్తూరుకు బదిలీ కోరుతూ ఆమె పెట్టుకున్న అర్జీ.

"ఈ మాటు పొరపాటైంది. ఇక్కడే ఉండమ్మా" అన్నాడు.

"ఖూనీ చేసినోడిని గూడా, సెప్పుకునేది ఏమన్నా ఉండాదా అని అడిగినాకనే గదా సార్ శిక్ష ఏస్తారు? నన్ను ఒక్క మాట అడిగినారా?"

అడగలేదు. ధనశేఖర్ అర్జీ మీద సంతకం చేశాడు.